కుర్రాళ్ళకు కళ్ళెం

బహుళ చవితి. పొద్దుటి పాటు.

ఇక నుంచి మందు పంటులో రోజూ చిట్టా రాయాలని కొండమీది ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. "జరిగింది జరిగినట్టు రాయండి, చక్రవేణి గారూ" అన్నారు డాక్టర్ జలజ గారు రేడియోలో. జరిగింది జరిగినట్టు రాస్తే సగం తిట్లే ఉంటాయమ్మా అన్నాను. అవీ రాయమన్నారు. సరే, తర్వాత నన్నేమీ అనకూడదు.

పొద్దున్నే పాటు తీసింది, నీరు వెనక్కి పోయింది. మోకులు బిగించాను. మా వరసలో ఈ తేలే ఇళ్ళు, పంటులన్నీ, ఒకదానికొకటి మోకులతో కట్టి ఉంటాయి. నీరు తీస్తే అందరం కిందికి దిగుతాం, పోటెక్కితే పైకి లేస్తాం. మోకు చూసుకోకపోతే పక్క పంటు వచ్చి మన వంటింటి గోడను గుద్దుతుంది. ఆ తర్వాత కరెంటిచ్చే ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. వాన తొట్టిలో నీళ్ళు కొలిచాను. ఈ రోజు పాటు ఎంత లోతుకు తీసిందంటే, మునిగిపోయిన అమలాపురం నీళ్ళ ట్యాంకు నెత్తి కనబడింది. దాని మీద కొంగ నిలబడి ఉంది.

ఇప్పుడు వైద్యం సంగతి. ఇందులో మందంటూ వేరే ఏమీ లేదు, రోగి నెత్తురే మందు. నెత్తుటిలో కాపలా కాసే కణాలను తీసి కొండకు పంపితే, అక్కడ వాటికి క్యాన్సర్ గడ్డ ఆనవాలు నేర్పి, పెంచి, ఐసు పెట్టెలో తిరిగి పంపుతారు. అదే మనిషికి మళ్ళీ ఎక్కిస్తాను. మా జనం ఆ కణాలను "కుర్రాళ్ళు" అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు. దొంగను కొట్టమని పంపితే ఉత్సాహం ఎక్కువై ఇంట్లోవాళ్ళను కూడా బాదుతారు. పేగులు, చర్మం, కీళ్ళు, ఏది దొరికితే అది. కంచే చేను మేయడం అంటే ఇదే.

పోయినేడాది వరకు దీనికి ఒక్కటే విరుగుడు ఉండేది. జ్వరం కనబడగానే సూదేసి కుర్రాళ్ళందరినీ చంపెయ్యడం. మావాళ్ళు దాన్ని "తుడుపు" అంటారు. తుడుపు చేస్తే మనిషి ఆ పూటకు గట్టెక్కుతాడు. గడ్డ కూడా గట్టెక్కుతుంది. ఒకే మనిషికి రెండోసారి కుర్రాళ్ళను పెంచడం ఇంకా ఎవరి చేతా కాలేదు. ఈ ఏడు కళ్ళెం బిళ్ళలు వచ్చాయి. అవి చంపవు, కుర్రాళ్ళను కాసేపు కట్టి కూర్చోబెడతాయి. ఒంట్లో గొడవ సర్దుకున్నాక బిళ్ళలు ఆపితే మళ్ళీ పనిలోకి దిగుతారు. కాకపోతే గొడవ మొదట్లోనే తెలియాలి. ముదిరిపోయాక కళ్ళేనికి లొంగరు, మళ్ళీ తుడుపే గతి.

ఇదంతా మా వరసలో వైద్యం చేయించుకుంటున్న ఐదుగురినీ కూర్చోబెట్టి చెప్పాను. ఏ చిన్న తేడా వచ్చినా చెప్పమన్నాను. ఐదుగురూ బుద్ధిగా తలలూపారు. గంగిరెద్దులు కూడా అలాగే ఊపుతాయి.

బహుళ సప్తమి. మధ్యాహ్నం.

రోగులందరి ముంజేతికీ ఒక పట్టీ ఉంటుంది. జ్వరం, గుండె వేగం, ఊపిరి చూసి కొండమీది పెద్ద యంత్రానికి చెబుతూ ఉంటుంది. ఆ యంత్రాన్ని మా వరసలో అందరూ "అత్తగారు" అంటారు. ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది, తప్పు దొరికితే ఊరుకోదు. జ్వరం కనబడితే కళ్ళెమూ గిళ్ళెమూ చూడదు, పాత లెక్కనే తుడుపుకు ఆర్డరు వేస్తుంది. దాన్ని మార్చాలంటే జలజ గారి సంతకం కావాలి.

ఈ రోజు జలజ గారు ఎంత మెచ్చుకున్నారో! ఐదుగురి లెక్కలూ భేషుగ్గా ఉన్నాయట. నిద్ర బ్రహ్మాండం, గుండె బ్రహ్మాండం. "ఏం చేస్తున్నారండీ మీరు?" అని అడిగారు. ఏమీ చెయ్యడం లేదని చెప్పాను. నిజంగానే చెయ్యడం లేదు. అదే నాకు అనుమానంగా ఉంది.

ఎందుకంటే ఆ ఐదుగురిలో ఒకతె మా ఇంట్లోనే ఉంది. మంగతాయారు, నా తోడికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. ఊపిరితిత్తిలో గడ్డ. అన్నదమ్ములిద్దరూ నాచు కోసే పడవ మీద దూరం వెళ్ళారు, పౌర్ణమికి గానీ రారు. పడవెక్కే ముందు మా మరిది నన్ను పక్కకు పిలిచి, "వదినా, అది నోరు తెరిచి చెప్పదు. నువ్వే చూసుకోవాలి" అన్నాడు. నాకు ఆ మాట పగలంతా చెవిలోనే ఉంటోంది.

ఈ రోజు చింతచిగురు ఎండు రొయ్యలు వండాను. తాయారుకు అదంటే ప్రాణం. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టింది.

"ఏమే, ఉప్పెక్కువైందా?"

"అబ్బే, బాగుందక్కా. కడుపు నిండిపోయింది."

"రెండు ముద్దలకే నిండిపోయే కడుపు నీకెప్పుడొచ్చిందే? పెళ్ళిలో ఆరు బూరెలు తిన్నదానివి!"

"అప్పుడు చిన్నదాన్ని అక్కా" అని నవ్వింది. నవ్వేటప్పుడు ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. నేను చూశానని చూసి తీసేసింది.

బహుళ ఏకాదశి. పోటు.

రోజూ పొద్దున ఐదుగురినీ అడగాల్సిన ప్రశ్న ఒకటి కొండ నుంచి రాసి పంపారు. "మీరు ఎలా ఉన్నారు?" జవాబు రాసుకుని పంపాలి. ఈ రోజు జవాబులు ఇవీ:

భద్రమ్మ పిన్ని: "నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను." రామదాసు మాస్టారు: "భేషుగ్గా ఉన్నానండి." చివరి పంటులో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి, "బాగున్నామండి, ఆయ్, మీరెలా ఉన్నారు?" తాయారు: "బాగున్నానక్కా."

మన దగ్గర ఎలా ఉన్నావంటే అదేమైనా ప్రశ్నా? బాగున్నానంటే అదేమైనా జవాబా? ఎదురుపడితే నమస్కారం పెట్టడం లాంటిది అది. శవం పక్కన కూర్చున్నవాణ్ణి అడిగినా ముందు బాగున్నాననే అంటాడు, తర్వాత ఏడుస్తాడు. ఈ సంగతి కొండమీదవాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

తాయారు ముఖం పీక్కుపోయింది. పట్టీ లెక్క మాత్రం పహిల్వాను లెక్కలా ఉంది. దాని చేతికి పట్టీ ఏదని అడిగితే, స్నానానికి తీశానంది. ఆ పిల్ల ఇంత పొద్దెక్కాక ఎప్పుడూ స్నానం చెయ్యదు.

బహుళ త్రయోదశి. సాయంత్రం.

ఈ రోజు చాలా జరిగింది. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం అన్నం వారుస్తుంటే మందు పెట్టె కీచుమని తెరుచుకుంది. అది దానంతట అది తెరుచుకోదు, అత్తగారు తెరిస్తేనే. లోపల ఐదు తుడుపు సూదులు. రేడియోలో యంత్రం గొంతు: ఐదుగురికీ ఒకేసారి పెద్ద జ్వరం, పోటు మారేలోపు ఐదుగురికీ తుడుపు.

ఐదుగురి బతుకులు ఒక్క పూటలో తుడిచెయ్యమంటోంది! తాయారు ఇంట్లో లేదు. గంజి గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. ముందు భద్రమ్మ పిన్ని. ఆవిడ పంటు మా పంటును ఆనుకునే ఉంటుంది. నుదురు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, బట్టలు ఆరేస్తోంది. మాస్టారు పేపరు చదువుతున్నారు. చివరి పంటు దంపతులు వల బాగుచేసుకుంటున్నారు. ఆ నలుగురిలో జ్వరం ఎవరికీ లేదు. పట్టీ కూడా ఎవరి చేతికీ లేదు!

"పట్టీలేవండీ?" అని అరిచాను. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. చివరికి మాస్టారే, "అబ్బులును అడగండమ్మా" అన్నారు తల దించుకుని.

అబ్బులు మా వరసకు దోనె మీద మంచినీళ్ళు తెచ్చే మనిషి. దుక్కలా ఉంటాడు, రోగమంటే తెలియదు. వెళ్ళి చూస్తే దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. నిన్న నీళ్ళల్లో పడిన మోకు తీయబోతే జెల్లీ చేప వీపంతా కొట్టేసిందట. దుప్పటి లాగేశాను. ముంజేతి నుంచి మోచేతి దాకా ఐదు పట్టీలు!

"ఏమిటివి, అబ్బులూ?"

"గాజులండి" అన్నాడు, జ్వరం మత్తులో.

"నీ మొహం గాజులు! సీమంతమా నీకు?"

వాడు లేచి కూర్చుని చేతులు జోడించాడు. "తిట్టకండి అమ్మగారూ. ముందు తాయారమ్మగారు అడిగారండి. పట్టీ కుసింత తేడా చూపిత్తే సాలు, తుడిసేత్తారంట కదండి. కళ్ళనీళ్ళెట్టుకున్నారండి. ఇయ్యాళ ఆవిడకి కట్టుకుంటే రేపు పిన్నిగారికి కాదంటానా? అలా అయిదయ్యాయండి. నాకు జొరమొత్తాదని నేనేమైనా కలగన్నానాండి?"

వాణ్ణి కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. వీపుకు వెనిగరు పట్టించి, జ్వరం బిళ్ళ ఇచ్చి, ఐదు పట్టీలూ విప్పుకుని వచ్చాను.

జలజ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అంటే నేను మెచ్చుకున్నదంతా..." అన్నారావిడ. "అబ్బులునమ్మా" అన్నాను. "యంత్రం ఆగమంటే ఆగదు, చక్రవేణి గారూ. నా సంతకంతో ఆపగలను. కానీ పోటు మారేలోపు ఆ ఐదుగురిలో నిజంగా ఎవరికి ఏముందో నాకు తెలియాలి. పట్టీ ఒక్కటే చాలదు. మనుషులు నోటితో చెప్పాలి" అన్నారు.

నోటితోనట! మావాళ్ళ చేత!

అందరినీ మందు పంటు పందిరి కింద కూర్చోబెట్టి ఎవరి పట్టీ వాళ్ళకు కట్టాను. నలుగురికి జ్వరం లేదు. తాయారుకు ఉంది. గుండె కూడా గబగబా కొట్టుకుంటోంది. "తాయారూ, ఏమైందే నీకు?" "ఏం కాలేదక్కా. ఎండలో నడిచొచ్చాను కదా, పట్టీ వేడెక్కుంటది" అంది. పెదాలు తడారిపోయి ఉన్నాయి. భద్రమ్మ పిన్ని బాగున్నానంది. మాస్టారు భేషుగ్గా అన్నారు. పోటు ఎక్కుతూనే ఉంది, నీళ్ళు పంటు అంచును తడుతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు చెప్పరా? పోనీ, పిన్నీ, మీ సంగతి వదిలెయ్యండి. ఇది ఎలా ఉందో చెప్పండి. పక్కనే ఉంటారుగా?"

అంతే. గండి కొట్టినట్టయింది.

"దాని సంగతా? అదెక్కడ బాగుందమ్మా! నాలుగు రోజులైంది దాని కడుపు చెడిపోయి. మా రెండు పంటులకీ ఒకటే దొడ్డి కదా, నేను చెంబు పట్టుకుని బయట నించోలేక సచ్చాను. నిన్నట్నించి నెత్తురు కూడా పడతంది. గచ్చు కడిగేసుకుని ఏమీ ఎరగనట్టొచ్చేత్తాది. అన్నం నీళ్ళల్లో పారేత్తాది, చేపలు బలిసిపోతన్నాయి!"

తాయారు ముఖం ఎర్రబడింది. "నా సంగతి చెప్పావ్ సరే పిన్నీ, నీ సంగతేంటి? పొద్దున లేత్తే వేళ్ళు ముడుచుకోవు, చెంబు రెండు చేతులా పట్టుకుంటావు. నేను సూళ్ళేదనుకున్నావా?"

"మాస్టారికి కూడా ఒళ్ళంతా దద్దుర్లండి" అన్నాడు చివరి పంటాయన. "చొక్కా చేతులు అందుకే దించుకున్నారండి."

"మీ ఆవిడ దగ్గుతోందని నేను చెప్పలేదే!" అన్నారు మాస్టారు.

కొళాయి దగ్గర తగువు నయం. తన ఒంటి గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. పక్కవాళ్ళ ఒంటి గురించి అడగని దానికి కూడా జవాబు చెప్పారు. ఏ పూట మొదలైంది, ఏం తింటే ఎక్కువైంది, రాత్రి ఎన్నిసార్లు మూలిగారు, అన్నీ. నేను రేడియో నొక్కిపట్టుకుని కూర్చున్నాను. అవతల జలజ గారు రాసుకుంటూనే ఉన్నారు.

నలుగురివీ చిన్నవే, అప్పుడే మొదలవుతున్నవి. వాళ్ళకు సగం కళ్ళెం బిళ్ళలు చాలన్నారు. పెట్టెలో నాలుగు సూదులు లోపలికి పోయాయి. ఒకటి బయటే ఉంది.

"మంగతాయారు గారి పొట్ట నొక్కి చూడండి. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? వదిలేటప్పుడు కేక వేస్తున్నారా?" అన్నారు జలజ గారు.

చాప మీద పడుకోబెట్టి నొక్కాను. మెత్తగానే ఉంది. నొప్పి ఉంది, కానీ పేగు చిల్లు పడిన నొప్పి కాదు. ఆ మాటే రేడియోలో చెప్పాను.

"అయితే ఇంకా ఆలస్యం కాలేదు. పూర్తి కళ్ళెం వెయ్యండి. సంతకం చేస్తున్నాను. కానీ ఆ సూది దగ్గరే పెట్టుకోండి. రేపు పోటు లోపల జ్వరం పెరిగినా, పొట్ట బిగిసినా నన్ను అడగక్కర్లేదు. తుడుపు వేసెయ్యండి."

బిళ్ళలు ఇచ్చాను. నీళ్ళు తాగించాను. అప్పుడు అడిగాను. "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే తుడిచేత్తారు కదక్కా" అంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "కుర్రాళ్ళు కొట్టి చంపినా పర్లేదనుకున్నాను. ఆ గడ్డకి మాత్రం లొంగనక్కా. నాకు బతకాలనుంది."

"బతకాలనున్నదానివి చెప్పాలే పిచ్చిదానా!" అని తిట్టి, దాన్ని దగ్గరకు తీసుకుని నేను కూడా ఏడ్చాను. చిట్టాలో ఇది రాయొచ్చో లేదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు కాబట్టి రాశాను.

బహుళ చతుర్దశి. పోటు దిగాక.

జ్వరం పెరగలేదు. సూది అవసరం రాలేదు. అది ఉన్న పెట్టె వైపు ఇంక చూడలేక, మీద తువ్వాలు కప్పాను.

పొద్దున తాయారు పలచటి గంజి తాగింది. కడుపులో నిలిచింది. దొడ్డికి ఒక్కసారే వెళ్ళింది. ఈ కబురు నాకు తాయారు చెప్పలేదు, భద్రమ్మ పిన్ని ఆనందంగా అరిచి చెప్పింది. మూడు పంటులకు వినబడింది.

అమావాస్య. పెద్ద పోటు.

ఈ రోజు మోకులు నాలుగుసార్లు వదులు చెయ్యాల్సొచ్చింది. అబ్బులు లేచి వచ్చి సాయం పట్టాడు. వీపు ఇంకా చారలు చారలుగానే ఉంది. "మళ్ళీ ఎవరిదైనా కట్టుకున్నావంటే సముద్రంలో తోస్తాను" అన్నాను. "ఆయ్, కట్టుకోనండి. ఆ ఒక్కనాడే అయిదుగురి జొరం నేనే పడ్డట్టుందండి" అన్నాడు.

జలజ గారితో వాదన పెట్టుకున్నాను. "అమ్మా, మీరు పంపిన ప్రశ్న పనికిమాలింది" అన్నాను. ఎందుకన్నారు. "మా దగ్గర మనిషి తన బాధ చెప్పుకుంటే చులకనైపోతానని అనుకుంటాడు. చెబితే వైద్యం ఆపేస్తారన్న భయం పైన ఒకటి. పక్కవాడి బాధ చెప్పడానికి మాత్రం ఏ భయమూ లేదు, పైగా సరదా. మీరు 'ఎలా ఉన్నారు' అని అడగకండి. 'మీ పక్కవాళ్ళు ఎలా ఉన్నారు' అని అడగండి."

ఆవిడ పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "మా అమ్మ కూడా అంతే. పొట్టలో నొప్పిని మూడు నెలలు దాచింది. మా పక్కింటావిడకు తెలుసట, ఎవరూ అడగలేదని చెప్పలేదట" అన్నారు. ఆవిడ అమ్మ ఏమైందని నేను అడగలేదు. గొంతులోనే తెలిసింది.

రేపటి నుంచి ప్రశ్న మారుతోంది. ఇంకో మాట కూడా రాయించాను: చెబితే తుడుపు రాదు, ముందు కళ్ళెమే వస్తుంది. అది ఆవిడ పేరు మీద, ఆవిడ గొంతుతో అన్ని వరసలకూ వినిపిస్తారు.

శుద్ధ తదియ. మధ్యాహ్నం.

కొత్త ప్రశ్నకు జవాబులు రాసుకోలేక చస్తున్నాను. భద్రమ్మ పిన్ని ఒక్కతే తాయారు గురించి ఇవాళ రేడియోలో బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడింది. ఏం తిన్నది, ఎంత వదిలింది, ఎటు తిరిగి పడుకుంది, ఎవరి మీద విసుక్కుంది. అందులో వైద్యానికి పనికొచ్చేది రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలూ ఏ పట్టీ చెప్పలేనివి.

మాస్టారి దద్దుర్లు తగ్గాయని చివరి పంటాయన చెప్పాడు. భద్రమ్మ పిన్ని వేళ్ళు ముడుచుకుంటున్నాయని తాయారు చెప్పింది. కొత్త బిళ్ళల మోతాదు సరిగ్గా సరిపోయిందన్నారు జలజ గారు. దిగువ వరసల్లో కూడా ఇదే పద్ధతి పెట్టారట. అక్కడ ఒకాయన ఆయాసం దాచుకుంటే, పడని తోడల్లుడు పట్టిచ్చాడట. వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. గుండెకు తగలకముందే కళ్ళెం పడింది.

తాయారును కూడా అడగాలి కదా. "మీ పక్కావిడ ఎలా ఉన్నారు?" అని చదివాను. పిన్ని గురించి చెప్పాక ఆగింది.

"ఇంకో పక్కావిడ గురించి కూడా చెప్పాలక్కా."

"ఎవరే?"

"మా తోడికోడలండి" అంది, నన్ను దాటుకుని నేరుగా రేడియోలోకి. "డాక్టరమ్మగారూ, ఆవిడ సరిగ్గా తింటం లేదండి. నేను నిద్దరోయాననుకుని కూచుని ఏడుత్తాదండి. పైకేమో నోరేసుకుని పడిపోద్ది. దానికేమైనా మందుంటే ఇప్పించండి."

"అది చిట్టాలో రాయక్కర్లేదు" అన్నాను. "రాయండి" అన్నారు జలజ గారు. రాశాను.

శుద్ధ షష్ఠి.

తాయారు అన్నం తింటోంది. కడుపు బాగుపడింది. ఇవాళ కళ్ళెం బిళ్ళలు ఆపేశాం.

ఇప్పుడు అసలు భయం మొదలైంది. కుర్రాళ్ళను అంత గట్టిగా కట్టాక, విప్పితే లేస్తారా? లేవకపోతే తుడుపు చేసినట్టే లెక్క. గడ్డ అక్కడే ఉంటుంది. జలజ గారు దాచలేదు. "సగం మందికి లేచారు, సగం మందికి లేవలేదు. పౌర్ణమి దాకా చూద్దాం. లేస్తే ముందు చర్మం మీదే ఏదో ఒకటి కనబడుతుంది, చిన్నగా. అది మంచి గుర్తు. ఏమీ కనబడకపోతే..." అన్నారు. తర్వాత మాట నేనే వినదలచుకోలేదు.

శుద్ధ దశమి.

ఏమీ లేదు.

తాయారు బాగుంది. అదే బాధ. చర్మం పాలమీగడలా ఉంది. భద్రమ్మ పిన్ని రోజూ దాని వీపు, మెడ, చేతులు అన్నీ చూసి, "ఏం లేదమ్మా" అని చెబుతోంది, ఏదో తప్పు చేసినదానిలా. పిల్ల బాగుందంటే ఏడవాల్సిన రోజు వస్తుందని ఎవరనుకుంటారు?

ఉప్పు తుడిచాను. నీళ్ళు కొలిచాను. మోకులు బిగించాను. పనులు ఉండబట్టి సరిపోయింది గానీ, చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కేది.

శుద్ధ ద్వాదశి.

ఏమీ లేదు. మా మరిది రేడియోలో దొరికాడు, నాచు బాగా పడిందట, ఎల్లుండికి దగ్గరికి వస్తారట. "తాయారు ఎలా ఉంది వదినా?" అని అడిగాడు. "బాగుంది" అన్నాను. నా నోటి నుంచి కూడా అదే మాట వచ్చింది. వెంటనే నాలుక కరుచుకుని, "బాగుంది, కానీ కుర్రాళ్ళు ఇంకా లేవలేదురా. భయంగా ఉంది" అని చెప్పేశాను. "ఇలా చెప్పడం మంచిదైంది వదినా. నేను కూడా భయపడతాను, ఇద్దరం పంచుకుందాం" అన్నాడు.

శుద్ధ చతుర్దశి. పొద్దుటి పోటు.

మోకు వదులుతూ పంటు అవతలి చివర ఉన్నాను. గాలి ఎక్కువగా ఉంది. అంతలో కేక.

"అక్కోయ్!"

మోకు వదిలేసి వెనక్కి తిరిగాను. తాయారు తడి బట్టల్లో, జుట్టు విరబోసుకుని పంటు నడిమధ్యలో నిలబడి ఉంది. చేతులు రెండూ పైకెత్తి ఊరందరికీ చూపిస్తోంది.

"అక్కోయ్! దురదే! మోచేతుల కాణ్ణించి మెడ దాకా ఒకటే దురద! దద్దుర్లు కూడా లేచాయి, ఎర్రగా! చూడు, చూడు! రాత్రి నించే ఉందక్కా, నిజమో కాదోనని తెల్లారేదాకా చూశాను. చెప్తన్నాను, విన్నావా? నేనే చెప్తన్నాను! నా ఒళ్ళు బాగోలేదక్కా!"

భద్రమ్మ పిన్ని పక్క పంటు నుంచి చెంబు పారేసి పరుగెత్తుకొచ్చింది. "అది చెప్పాల్సింది నేను కదే! నా వంతు కదే!" అని దాన్ని వాటేసుకుంది. అబ్బులు దోనెలోనే నిలబడి ఈలలు వేస్తున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

పక్క పంటు వచ్చి మా వంటింటి గోడను గుద్దింది. రెండు చెక్కలు విరిగాయి. ఎవరూ పట్టించుకోలేదు. నేను రేడియో నొక్కి, "జలజ గారూ, మంగతాయారుకు ఒంట్లో బాగోలేదండి" అన్నాను. ఏడుస్తూ, నవ్వుతూ, మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాను. "తనే చెప్పిందండి. తన నోటితో తనే చెప్పింది."